గోళ్ళ రంగు సీసా చెప్పిన చరిత్ర



ఆషాఢం వచ్చిందంటే మన ఆడపడుచులు ఏ రాష్ట్రంలో ఉన్నా గోరింటాకు మరచిపోరు. బళ్ళారి అయినా, హోసూరు అయినా, బరంపురం అయినా సరే, రాత్రి వేళ్ళకు ముద్ద పెట్టుకుని, పొద్దున్నే ఎవరి చెయ్యి బాగా పండిందో చూసుకోవలసిందే. ఆ గోరింటాకు పక్కనే మరో రంగు మన ఇళ్ళలోకి వచ్చి చేరింది. అదే గోళ్ళ రంగు. తమిళనాడులో పాతతరం వాళ్ళు దాన్ని 'క్యూటెక్స్' అనడం మీరు వినే ఉంటారు.

మా అమ్మ పోయాక ఆమె ట్రంకు పెట్టె సర్దుతుంటే, చీరల మడతల్లో చిటికెన వేలంత సీసా ఒకటి దొరికింది. అడుగున ముదురు ఎరుపు, పైన పచ్చని తేట. "అది మీ అమ్మ పెళ్ళినాటిది" అంది మా పిన్ని. పెళ్ళి 1961లో జరిగింది. పారెయ్యడానికి మనసొప్పలేదు. వేసుకుని చూడడానికి ధైర్యం చాలలేదు. అలా మొదలైంది ఈ పాత సీసాల మీద నా ఆసక్తి.

ముందు ఒక తేడా గమనించండి. గోరింటాకులోని రంగు పదార్థం గోటిలోకి ఇంకి, దానితో కలిసిపోతుంది. గోరు పెరిగితేనే పోతుంది. గోళ్ళ రంగు అలా కాదు, పైన పొరలాగా ఆరి నిలుస్తుంది. ఆ పొరకు ఆధారం నైట్రోసెల్యులోజ్. 1846లో షోన్‌బైన్ అనే శాస్త్రజ్ఞుడు దూదిని ఆమ్లాలలో తడిపి దీన్ని తయారుచేశాడు. మొదట ఇది తుపాకి మందు. తరువాత సినిమా ఫిల్ము అయింది. 1920ల్లో అమెరికాలో మోటారు కార్లకు త్వరగా ఆరే రంగు అయింది. ఆడవారి గోళ్ళ మీదకు వచ్చిందీ ఇదే!

అంతకుముందు గోళ్ళకు పొడి రాసి, మెత్తని తోలుతో రుద్ది మెరుపు తెచ్చేవారు. 'పాలిష్' అన్న మాట అలా వచ్చిందే. 1911లో నార్థమ్ వారెన్ అనే అమెరికన్ గోటి చుట్టూ ఉండే చర్మాన్ని తొలగించే మందుతో క్యూటెక్స్ వ్యాపారం ప్రారంభించాడు. ద్రవరూపంలో గోళ్ళ రంగు ఆ తర్వాత వచ్చింది. 1932లో రెవ్సన్ సోదరులు, లాక్‌మన్ అనే భాగస్వామి కలిసి రెవ్లాన్ సంస్థను స్థాపించి, గోరు కనబడనంత చిక్కని రంగులు అమ్మారు. మన తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' విడుదలైనదీ ఆ సంవత్సరమే. ఆనాటి ఫిల్ములు చాలావరకు చెడిపోయో, కాలిపోయో మనకు దక్కలేదు. వాటి దాయాదులైన రంగు సీసాలు మాత్రం అక్కడక్కడా పెట్టెల అడుగున మిగిలాయి.

మన దేశంలో 1952లో టాటా వారు లాక్మే సంస్థను ప్రారంభించారు. 1883లో పారిస్‌లో ప్రదర్శించిన ఒక సంగీత నాటకం పేరు అది. అందులోని కథానాయిక ఒక భారతీయ పూజారి కూతురు. ఆ పేరు మన 'లక్ష్మి'కి ఫ్రెంచి రూపమే.

మరి సీసా వయసు తెలుసుకోవడం ఎలా? చీటీ చదవాలి. చిరునామాలో ఆరంకెల పిన్‌కోడ్ ఉంటే అది 1972 ఆగస్టు 15 తర్వాతిది. ఎందుకంటే పిన్‌కోడ్ పుట్టిందే ఆ రోజున. 'బొంబాయి' అని ఉంటే ఇంచుమించు 1995కు ముందుది, 'మద్రాసు' అని ఉంటే 1996కు ముందుది. భూతద్దం పట్టుకుని మా అమ్మ సీసా చూశాను. బొంబాయి, పక్కన ఆరంకెలు!

అంటే అది పెళ్ళినాటిది కాదు. నేను పుట్టి బడికి వెళ్ళే రోజుల్లోనో, ఆ తర్వాతో మా అమ్మ కొనుక్కున్నది. పిల్లల తల్లి గోళ్ళకు రంగు వేసుకుంటే నలుగురూ నవ్వే ఊరు మాది. ఆమె చేతులకు ఆ రంగు నేనెన్నడూ చూడలేదు. సీసా మాత్రం సగం ఖాళీ. ఎప్పుడు వేసుకునేదో, ఎవరూ రాకముందే తుడిచేసుకునేదో మరి.

మీ ఇళ్ళలోనూ ఇలాంటివి ఉంటే తొందరపడకండి. సీసాను గట్టిగా కుదపకుండా అరచేతుల మధ్య దొర్లించండి. చిక్కబడితే, గోళ్ళ రంగును పలచన చేయడానికి దొరికే థిన్నరు రెండు మూడు చుక్కలు చాలు. తుడిచే మందు పోస్తే పొర పాడవుతుంది. పొయ్యికి, దీపానికి దూరంగా, కిటికీ తెరిచి కూర్చోండి. పాత రంగుల్లో టాలీన్ వంటి ఘాటైన ద్రావకాలు ఉండేవి. కనుక గర్భిణులు, పిల్లలు వాటి జోలికి పోవద్దు. మనం చేత్తో అన్నం తినేవాళ్ళం గదా, చేతి గోళ్ళకు వద్దు. ముందు ఒక ప్లాస్టిక్ ముక్క మీద వేసి రంగు చూడండి. చీటీని మాత్రం తడవనివ్వకండి.

నేను ఒక్క కాలి బొటనవేలి గోటికి వేసుకున్నాను. దానిమ్మ గింజ ఎరుపు. రెండు రోజులు అలాగే ఉంచుకుని తుడిచేశాను. సీసా మూత బిగించి, మళ్ళీ ఆ చీరల మధ్యనే పెట్టాను. పక్కన ఒక కాగితం మీద అది ఏ కాలం నాటిదో, ఎవరిదో రాసి ఉంచాను. మా అమ్మాయికి మళ్ళీ ఎవరూ పెళ్ళినాటిదని చెప్పకూడదు గదా.

సెలవు.