కొట్లాట అయ్యాక ఏం జరిగింది?

జంతువుల సఖ్యత మీద మన పత్రికల్లో వచ్చే వ్యాసాలు దాదాపు ఒకే దారిన నడుస్తాయి. డార్విన్ పోరాటమన్నాడు, క్రొపోట్కిన్ సహకారమన్నాడు, చివరికి జంతుప్రవర్తన పరిశోధకుడు ఫ్రాన్స్ డి వాల్ వచ్చి వానరాల మంచితనం కనిపెట్టాడు. వినడానికి బాగానే ఉంటుంది. అసలు సంగతి మాత్రం ఇందులో జారిపోయిందని నా అనుమానం.

తొలి ఘట్టం అందరికీ తెలిసిందే. 1888లో డార్విన్ సమర్థకుడు హక్స్‌లీ ప్రకృతిని చావుబతుకుల గోదాగా చూపించాడు. దానికి జవాబుగా, సైబీరియాలో తిరిగొచ్చిన క్రొపోట్కిన్ రాసిన వ్యాసాలు 1902లో పుస్తకమయ్యాయి. 1963లో జంతుశాస్త్రవేత్త లోరెంజ్ దూకుడు మీద రాస్తూ లొంగుబాటు సైగల గురించి కూడా చెప్పాడు. కానీ కొట్లాట ముగిశాక ఆ రెండు జంతువులూ ఏం చేశాయో వీళ్ళెవరూ వరసగా లెక్క రాసిపెట్టలేదు.

1975 శీతాకాలంలో నెదర్లాండ్స్‌లోని ఆర్న్‌హెమ్ జూలో ఒక మగ చింపాంజీ ఆడదాని మీద పడింది. మిగతావి అడ్డొచ్చాయి, పెద్ద రభస. కాసేపు నిశ్శబ్దం. ఉన్నట్టుండి గుంపంతా కేకలు వేసింది, నడుమ రెండు చింపాంజీలు కౌగిలించుకుని ముద్దుపెట్టుకున్నాయి. ఆ రెండూ ఎవరో డి వాల్‌కు కాస్త ఆలస్యంగా తట్టింది: కొట్టినదీ, దెబ్బలు తిన్నదీ. 1979లో వాన్ రోస్‌మాలెన్‌తో కలిసి దీని మీద పరిశోధన పత్రం వేశాడు.

కథలన్నీ ఇక్కడే ఆగి చప్పట్లు కొడతాయి. కానీ ఒక్క కౌగిలితో ఏం రుజువవుతుంది? గొడవైతే గుంపు ఎలాగూ దగ్గరికి చేరుతుంది, ఆ గుంపులో ఎవరైనా ఎవరికైనా తగలొచ్చు. దీన్ని తేల్చింది 1983లో డి వాల్, యోషిహారా వాడిన చిట్టా పద్ధతి: గొడవయ్యాక కొన్ని నిమిషాలు గమనించడం, గొడవ లేని మరో రోజు అదే జంటను అంతసేపూ గమనించి పోల్చడం. వాళ్ళు చూసింది రీసస్ కోతుల్ని, అంటే తెలంగాణ పల్లెల్లో పెంకులు పీకే ఎర్రమూతి కోతుల్నే. పేరు తెచ్చుకోవలసింది, నా లెక్కన, ఆ చిట్టాయే.

రాజీ నిజమేనని అలా తేలాక మరో ప్రశ్న: దానికి కారణం మంచితనమా? 1993లో పరిశోధకులు కార్డ్స్, థర్న్‌హీర్ పొడవుతోక మకాక్ కోతులకు పక్కపక్కన కూర్చుంటేనే పాప్‌కార్న్ దొరికేలా నేర్పారు. ఆ తర్వాత గొడవపడితే అవి రాజీపడడం సుమారు మూడు రెట్లు పెరిగింది. అవసరమే వాటిని కలిపింది. అదే ఏడాది వచ్చిన మరో ప్రయోగం దీనికి కొంచెం అడ్డు తగులుతుంది: శాంతస్వభావులైన మొండితోక మకాక్‌లతో ఐదు నెలలు కలిసి పెరిగిన రీసస్ పిల్లలు, అవి వెళ్ళిపోయాక కూడా ఎక్కువగా రాజీపడ్డాయి. అంటే సావాసమూ పనిచేస్తుంది. ఇక పరిశోధకురాలు జోన్ సిల్క్ మొత్తానికే పేచీ పెట్టింది: ఇది తెగిన బంధాన్ని అతకడం కాకపోవచ్చు, "ఇక కొట్టను" అన్న తాత్కాలిక సైగ మాత్రమే కావచ్చు అని. నేను ఆమెతో పూర్తిగా ఏకీభవించను, పాప్‌కార్న్ ఫలితం ఆ లెక్కలో ఇమడదు. కానీ ఆ ప్రశ్నను పక్కకు నెట్టేయలేం.

ఇవాళ ఈ పరిశోధన ఆఫీసు శిక్షణ తరగతుల్లో నీతికథగా తిరుగుతోంది. అందులో ఆర్న్‌హెమ్‌లోనే 1980లో జరిగింది చెప్పరు. యెరోన్, నిక్కీ అనే రెండు మగ చింపాంజీల పొత్తు చెడింది. ఆ సందులో లూయిట్ అనే మరో మగది పెత్తనానికి వచ్చింది. కొన్ని వారాలకే ఆ రెండూ మళ్ళీ కలిసిపోయాయి. ఒక రాత్రి బోనులో లూయిట్‌ను ఒళ్ళంతా కొరికేశాయి, మర్నాడు అది చనిపోయింది.