వెంటిలేటర్ మీద నిద్ర

1952 ఆగస్టు. కోపెన్‌హాగెన్‌లోని బ్లెగ్డమ్ ఆసుపత్రి పోలియో రోగులతో నిండిపోయింది. ఊపిరి తీసే కండరాలు చచ్చుబడినవాళ్లలో బతికి బయటపడేవాళ్లు తక్కువ. పెద్ద డాక్టరు లాసెన్ దిక్కుతోచక బ్యోర్న్ ఇబ్సెన్ అనే మత్తు డాక్టరును పిలిపించారు. ఆగస్టు 27న ఇబ్సెన్ చేతికి అప్పగించింది 12 ఏళ్ల పిల్లను. గొంతు దగ్గర కోయించి గొట్టం పెట్టించి, దానికి చేత్తో నొక్కే గాలి సంచి తగిలించారు. సంచి నొక్కితే గాలి లోపలికి పోదు. ఆ పిల్ల ఉక్కిరిబిక్కిరై పెనుగులాడుతోంది. చూడవచ్చిన డాక్టర్లు ఆశ వదులుకుని జారుకోసాగారు. అప్పుడు ఇబ్సెన్ పెంటొథాల్ అనే మత్తుమందు ఎక్కించారు. పెనుగులాట ఆగింది, సంచిలో గాలి సాఫీగా ఊపిరితిత్తుల్లోకి వెళ్లింది. పిల్ల బతికింది. ఆ తర్వాత నెలల తరబడి, సుమారు 1,500 మంది వైద్య విద్యార్థులు వంతులేసుకుని సంచులు నొక్కారు.

ఐసీయూ పుట్టుక గురించి ఎప్పుడూ చెప్పే కథ ఇదే. చెప్పేవాళ్లంతా సంచిని పొగుడుతారు, మత్తు సూదిని దాటేస్తారు. నాకు మాత్రం ఆ సూదే ముఖ్యమనిపిస్తుంది.

ఎందుకంటే తర్వాత వచ్చిన వెంటిలేటర్లకు రోగి ఎప్పుడు ఊపిరి పీల్చబోతున్నాడో తెలిసేది కాదు. తమ లెక్క ప్రకారం గాలి తోసేవి. యంత్రం సర్దుకోదు కనుక మనిషినే నిద్రపుచ్చారు. మార్ఫిన్, డయాజెపామ్, అవీ చాలకపోతే కండరాలను కదలనివ్వని మందులు. క్రమంగా యంత్రాలు రోగి ఊపిరిని కనిపెట్టి నడవడం నేర్చాయి. నిద్రపుచ్చే అలవాటు మాత్రం పోలేదు.

అందులో ప్రమాదం ఉందని హెచ్చరించింది ఎటోమిడేట్. బీపీ పడిపోనివ్వదని డాక్టర్లు మెచ్చిన మందది. రోజుల తరబడి ఎక్కిస్తే మరణాలు పెరుగుతున్నట్టుందని 1983లో గ్లాస్గో డాక్టర్లు రాశారు. ఒంటికి కష్టకాలంలో అవసరమైన కార్టిసాల్‌ను అడ్రినల్ గ్రంథులు తయారు చేయకుండా అది అడ్డుకుంటోందని తేలింది. 1986లో పాలలా తెల్లగా ఉండే ప్రోపోఫాల్ అనే మత్తుమందు మార్కెట్లోకి వచ్చింది. కొద్దిసేపు వాడి ఆపితే రోగి నిమిషాల్లో కళ్లు తెరుస్తాడు.

రోజూ ఒకసారి మత్తు ఆపి లేపి చూస్తే ఏమవుతుంది? ఆ ప్రశ్న వేసి, జాన్ క్రెస్ బృందం షికాగోలో 128 మంది మీద పరీక్షించింది. 2000లో వచ్చిన ఫలితం: అలా లేపినవాళ్లు వెంటిలేటర్ మీద ఉన్నది మధ్యస్థంగా 4.9 రోజులు, మిగతావాళ్లు 7.3 రోజులు. డెన్మార్క్‌లోని ఒడెన్స్ డాక్టర్లు ఇంకో అడుగు ముందుకేసి, నొప్పికి మార్ఫిన్ ఇస్తూ మత్తు మానేశారు. 2010లో ప్రచురించిన ఆ అధ్యయనంలో వెంటిలేటర్ అవసరం తగ్గింది. కానీ మెలకువగా ఉన్నవాళ్లలో కలవరం ఎక్కువైంది, పక్కన కూర్చుని ధైర్యం చెప్పే మనిషి అవసరం పెరిగింది. 2020లో మూడు దేశాల్లో జరిగిన పెద్ద పరీక్షలో, మత్తు లేనివాళ్లకూ తేలికపాటి మత్తు ఇచ్చినవాళ్లకూ మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు.

అదే ఏడాది కోవిడ్ వచ్చింది. బోర్లా పడుకోబెట్టి గాలి అందించాల్సిన రోగుల్లో చాలామందికి గాఢమైన మత్తు తప్పలేదు. ప్రోపోఫాల్, మిడజోలామ్ లాంటి మత్తుమందులు దొరక్క పలు దేశాల ఆసుపత్రులు పాత మందులనే మళ్లీ బయటికి తీశాయి.