ట్రంక్ కాల్ అంటే ఏమిటి?

'ట్రంక్ కాల్' అన్న మాట మీ తాతగారి నోట వినే ఉంటారు. ఇక్కడ ట్రంకంటే ఇనప పెట్టె కాదు, చెట్టు మాను. ఇళ్ళకు వెళ్ళే ఫోను తీగలు కొమ్మలైతే, రెండు ఊళ్ళ ఎక్స్ఛేంజీలను కలిపే లైను మాను. ఆ లైన్లు కొన్నే, మాట్లాడవలసినవారు ఎందరో! అందుకే ఆపరేటరు వద్ద కాల్ బుక్ చేసి, ఒక్కోసారి గంటల తరబడి వేచి ఉండేవారు. 'అర్జెంట్', 'లైట్నింగ్' కాల్స్‌కు ముందు వంతు, ఎక్కువ రుసుము. ఆపద కబురు ఎంత త్వరగా చేరాలో జేబే నిర్ణయించేదన్నమాట.

1960లో కాన్పూరు, లక్నోల మధ్య ఎస్.టి.డి. మొదలైంది. అందులో 'టి' అంటే ట్రంకే! చందాదారుడే నేరుగా డయల్ చేయడంతో ఆపరేటరు అవసరం తప్పింది, మాట మాత్రం మిగిలింది. 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైను నుంచి మొబైల్‌కు చేసేటప్పుడు ముందు సున్నా నొక్కడం తప్పనిసరి చేశారు. ఆ సున్నా పేరేమిటో తెలుసా? ట్రంక్ ప్రిఫిక్స్!