జీపు బ్రేకుల కథ

మన సర్వీసు రోజుల్లో క్యాంపు అంటే జీపే. 1941లో యుద్ధానికై అమెరికాలో తయారైన విల్లీస్ జీపును మహీంద్రా వారు 1947 నుండి మన దేశంలో బిగించసాగారు. నాలుగు చక్రాలకూ 9 అంగుళాల డ్రమ్ము బ్రేకులే. వాగు దాటితే షూలు తడిసి బ్రేకు పట్టేది కాదు. ఘాటు దిగితే వేడెక్కి పట్టు తగ్గేది. అన్నింటికీ ఒకే ఆయిలు లైను కనుక ఎక్కడ గొట్టం పగిలినా నాలుగూ పోయేవి. మన డ్రైవరు సోదరులు ఆ బ్రేకులతోనే మనల్ని క్షేమంగా ఇళ్లకు చేర్చారు.

తర్వాత డ్రమ్ములు పెద్దవయ్యాయి. రెండు భాగాల మాస్టర్ సిలిండరు వచ్చింది. ఒక భాగం పోయినా రెండు చక్రాలైనా ఆగుతాయి. 1970వ దశకంలో అమెరికా జీపుల ముందు చక్రాలకు డిస్కులూ వచ్చాయి.

పాత జీపు ముచ్చటపడి కొన్న మనవలుంటే, రంగుకన్నా ముందు ఈ సిలిండరు, డిస్కులు తెలిసిన మెకానిక్కుచేత వేయించమనండి. పాత రూపు కొంత తగ్గినా, ప్రాణం దక్కుతుంది.