8080 మీద కూలిన నమ్మకం

ఆ టెస్టులు ఇప్పుడు లేవు. తీసేసిన రోజు ఎవరూ అడ్డుపడలేదు, అయ్యో అన్నవాళ్లూ లేరు. వాటి మీద నమ్మకం అంతకు చాలా ముందే పోయింది. ఏ ఆఫీసుదని పేరు చెప్పనక్కర్లేదు. ఇలా పోయిన టెస్టులు చాలాచోట్ల ఉన్నాయి.

పుట్టినప్పుడు ఎంత చక్కగా ఉండేవో! చిన్న సర్వర్‌ను లేపి, ఒక రిక్వెస్టు పంపి, వచ్చిన జవాబు సరిచూసుకుని, సర్వర్‌ను ఆపేసేవి. పోర్టు నంబరు ఇవ్వాల్సిన చోట రాసినవాళ్లు 8080 వేశారు. అందరూ వేసేదే, టామ్‌క్యాట్‌దీ జెన్‌కిన్స్‌దీ అదే నంబరు. అక్కడ 0 వేసి ఉంటే, ఖాళీగా ఉన్న పోర్టును ఆపరేటింగ్ సిస్టమే వెతికి ఇచ్చేది. ఏది ఇచ్చావని అడిగితే చెప్పేది కూడా. ఆ అడగడం జరగలేదు.

మొదటి హెచ్చరిక తొందరగానే వచ్చింది. టెస్టును వెంటవెంటనే రెండుసార్లు నడిపితే రెండోసారి పడిపోయింది: ‘అడ్రస్ ఆల్రెడీ ఇన్ యూజ్’. సర్వర్ ఆగినా, అది మూసిన టీసీపీ కనెక్షన్ లినక్స్‌లో 60 సెకన్లు టైమ్-వెయిట్‌లో ఉండిపోతుంది. దారితప్పి ఆలస్యంగా వచ్చే ప్యాకెట్లు కొత్త కనెక్షన్‌లో కలవకూడదని ప్రోటోకాల్ పడే జాగ్రత్త అది. అప్పుడైనా ఆగి చూడాల్సింది. చూడకుండా మధ్యలో ఒక స్లీప్ పెట్టి ముందుకు వెళ్లిపోయారు.

తర్వాత ఒకే బిల్డ్ మెషీన్ మీద రెండు బ్రాంచీలు ఒకేసారి నడవసాగాయి. ఒకదానికి 8080 దొరికితే రెండోది పడిపోయేది. అంతకన్నా ఘోరం, ఒక్కోసారి పక్క బ్రాంచి సర్వర్ జవాబిచ్చేది. తప్పున్న కోడ్ కూడా పచ్చగా పాసయ్యేది.

ఎవరూ వాడరులే అని ఎవరో 50051కి మార్చారు. మంచి మనసుతోనే మార్చారు పాపం. లినక్స్ బయటికి వెళ్లే కనెక్షన్లకు మామూలుగా 32768 నుంచి 60999 వరకు ఉన్న పోర్టులే ఇస్తుంది. కొత్త నంబరు సరిగ్గా అందులోనే పడింది. ఏదో ప్రోగ్రామ్ బయటికి ఒక కనెక్షన్ తెరిచేది, ఆ పోర్టు దాని వంతుకు వచ్చేది, టెస్టు కూలేది. మళ్లీ నడిపితే పాసయ్యేది. కారణం వెతికే ఓపిక ఎవరికి ఉంటుంది?

అలా ‘మళ్లీ నడుపు’ అన్నది అలవాటైపోయింది. నాన్నా పులి కథే.

పులి ఒక రాత్రి నిజంగా వచ్చింది. ప్రాసెస్ ఆపకుండా సర్వర్‌ను మళ్లీ లేపేటప్పుడు, లోడ్ ఎక్కువైతే పాత సాకెట్ ఒక్కోసారి మూతపడటం లేదు. టెస్టు దాన్ని పట్టుకుంది. ఎర్రగా అరిచింది. కానీ చెప్పింది అదే పాత మాట, ‘అడ్రస్ ఆల్రెడీ ఇన్ యూజ్’. అబద్ధానికీ నిజానికీ ఒకే గొంతు అయ్యాక ఎలా గుర్తుపడతారు? మళ్లీ నడిపారు. పాసైంది. ఆ తప్పు అలాగే కస్టమర్ల దాకా వెళ్లిపోయింది.

ఇన్నాళ్లూ పట్టుకోనప్పుడు ఈ టెస్టులెందుకని, ఆ తర్వాత వాటిని తీసేశారు. పట్టుకున్న రాత్రి లాగ్‌ను ఎవరూ తెరిచి చూడలేదు. కొత్తగా రాసిన టెస్టుల్లో పోర్టు దగ్గర 0 ఉంది. పాతవాటిలోనూ మార్చాల్సింది ఆ ఒక్క నంబరే.