దక్కన్ ఛార్జర్స్

దక్కన్ ఛార్జర్స్ ఇండియన్ ప్రీమియర్ లీగ్‌లో 2008 నుంచి 2012 వరకు హైదరాబాద్ తరఫున ఆడిన క్రికెట్ జట్టు. యజమాని దక్కన్ క్రానికల్ హోల్డింగ్స్. ఇది ప్రస్తుతం మనుగడలో లేదు.

చరిత్ర: తొలి ఏడాది అట్టడుగున నిలిచిన జట్టు, దక్షిణాఫ్రికాలో జరిగిన 2009 పోటీల్లో ఆడమ్ గిల్‌క్రిస్ట్ సారథ్యంలో విజేత అయింది. జొహానెస్‌బర్గ్ ఫైనల్లో బెంగళూరుకు చివరి ఓవర్లో 15 పరుగులు కావాలి. ఆర్.పి. సింగ్ ఎనిమిదే ఇచ్చాడు. గెలుపు 6 పరుగుల తేడాతో దక్కింది. 2010లో సెమీఫైనల్ చేరినా, తర్వాత రెండేళ్లూ నిరాశే మిగిలింది.

విశాఖతో అనుబంధం: 2012లో కొన్ని సొంత మ్యాచ్‌లు విశాఖపట్నంలో ఆడింది. ఏప్రిల్ 9న ఇక్కడే ఆఖరి బంతికి సిక్స్ కొట్టి ముంబైని గెలిపించింది రోహిత్ శర్మ. అతడు ఛార్జర్స్ మాజీ ఆటగాడే.

ఆటగాళ్లు: వి.వి.ఎస్. లక్ష్మణ్ తొలి కెప్టెన్. విశాఖ బిడ్డ వై. వేణుగోపాలరావు, తిరుమలశెట్టి సుమన్, ద్వారకా రవితేజ వంటి తెలుగు కుర్రాళ్లకు ఈ జట్టు పెద్ద వేదికనిచ్చింది. అదే దీని అసలు ఘనత. ప్రజ్ఞాన్ ఓఝా 2010లో 21 వికెట్లతో, అత్యధిక వికెట్లు తీసిన బౌలర్‌కు ఇచ్చే పర్పుల్ క్యాప్ అందుకున్నాడు.

రద్దు: యాజమాన్యం ఆర్థిక ఇబ్బందుల్లో పడటంతో 2012 సెప్టెంబరులో బీసీసీఐ ఒప్పందాన్ని రద్దు చేసింది. హైదరాబాద్ ఫ్రాంచైజీని సన్ టీవీ దక్కించుకోగా, 2013లో సన్‌రైజర్స్ బరిలో దిగింది.