ఫ్లీస్ ఇన్ (బ్రెట్‌ఫోర్టన్)

ఫ్లీస్ ఇన్ ఇంగ్లాండులోని వుస్టర్‌షైర్ కౌంటీలో, ఈవ్‌షామ్ పట్టణానికి సమీపమున గల బ్రెట్‌ఫోర్టన్ గ్రామములోని ఒక ప్రాచీనమైన పబ్. ఒకే వంశము వారి అధీనములో శతాబ్దాల పాటు ఉండి, 1977లో నేషనల్ ట్రస్టు అనే పరిరక్షణ సంస్థకు సంక్రమించుట దీని విశేషము.

పేరు

పబ్ అనునది 'పబ్లిక్ హౌస్' అనే మాటకు సంక్షిప్త రూపము. బీరు మొదలగు పానీయములు, భోజనము లభించే ఈ ప్రదేశము ఇంగ్లాండు పల్లెలలో గ్రామస్తులు కలుసుకొనే చావడి వంటిది కూడా. పబ్ నడిపేవారిని ల్యాండ్‌లార్డ్ అని పిలుస్తారు. భవనము వారి సొంతము కానవసరము లేదు. 'ఫ్లీస్' అనగా గొర్రె నుండి కత్తిరించిన ఉన్ని.

చరిత్ర

ఈ భవనము 15వ శతాబ్దపు తొలినాళ్ళలో బర్డ్ అనే ఇంటిపేరు గల రైతు ఇల్లుగా నిర్మించబడినది. కొయ్య చట్రముల నడుమ గోడలు నింపి, పైన గడ్డి కప్పు వేసిన ఈ ఇంటిలో మనుషులు, పశువులు ఒకే కప్పు క్రింద నివసించేవారు. 1848లో ఆ వంశమునకు చెందిన హెన్రీ బర్డ్ కొలెట్ అనుమతి పొంది దీనిని పబ్‌గా మార్చాడు. అప్పటినుండి 1977 వరకు భవన యజమానులు ఆ కుటుంబము వారే.

ఈ పరంపరలో చివరివారు లోలా టాప్లిన్. బర్డ్ వంశస్తురాలైన ఈమె ఈ ఇంటిలోనే నివసించి, ఇక్కడే 1977లో మరణించింది. పబ్‌ను నేషనల్ ట్రస్టుకు చెందేలా ఆమె వీలునామా వ్రాసింది. పబ్ పాత పద్ధతిలోనే కొనసాగవలెనని, ఇక్కడ ఆలూ చిప్స్ అమ్మరాదని ఆమె కోరింది. దానితో యాజమాన్యము వంశము నుండి సంస్థకు మారినది. నిర్వహణ కౌలుదారుల చేతికి వచ్చినది. అయినప్పటికీ ఇది కేవలము ప్రదర్శనశాలగా మారలేదు, పబ్‌గానే కొనసాగినది.

అగ్నిప్రమాదము

2004 ఫిబ్రవరి 27న పొగగొట్టము నుండి ఎగిరిన నిప్పురవ్వ గడ్డి కప్పుకు అంటుకొని భవనము తీవ్రముగా దెబ్బతిన్నది. విస్తృతమైన మరమ్మతుల అనంతరము 2005 జూన్‌లో పబ్ తిరిగి తెరువబడినది.

విశేషాలు

* ఇక్కడ 17వ శతాబ్దపు ప్యూటర్ (తగరము ప్రధానముగా గల మిశ్రలోహము) పాత్రల సేకరణ ఉన్నది. వీటిని ఆలివర్ క్రాంవెల్ విడిచి వెళ్ళాడని స్థానికముగా ఒక కథ ప్రచారములో ఉన్నది.
* నిప్పుగూళ్ళ ముందు నేలపై తెల్లని వలయాలు గీయబడి ఉంటాయి. మంత్రగత్తెలు పొగగొట్టము గుండా లోనికి రాకుండా ఇవి అడ్డుకొంటాయని పూర్వము నమ్మేవారు.
* ఈవ్‌షామ్ లోయ ఆస్పరాగస్ అనే కూరగాయకు ప్రసిద్ధి. వసంతకాలపు కోతల సమయములో ఈ పబ్ వద్ద జరిగే ఆస్పరాగస్ వేలము పేరొందినది. తెలుగునాట పిల్లితీగ అని పిలిచే మొక్క కూడా ఈ ప్రజాతికి చెందినదే.
* చార్లెస్ డికెన్స్ నవల ఆధారముగా బీబీసీ 1994లో ప్రసారము చేసిన 'మార్టిన్ చజిల్‌విట్' ధారావాహికలోని కొన్ని దృశ్యాలు ఇక్కడ చిత్రీకరించబడినవి.